పదకొండో స్టాంపు

వరంగల్ మట్టెవాడలో మా గల్లీ వాళ్ళందరికీ నేను స్టాంపులు అమ్ముతానని తెలుసు. తలనొప్పంతా దానితోనే. వారానికి ఒక్కరైనా గేటు తట్టి, "అక్కా, నూరు రూపాల స్టాంపు పేపరున్నదా? కిరాయి కాగితం రాసుకోవాలె" అని అడుగుతారు. నేను అమ్మేవి ఆ స్టాంపులు కావనీ, ఉత్తరాల మీద అంటించే తపాలా బిళ్ళలనీ చెప్తాను. అవి కూడా అంటించడానికి కాదు, ఆల్బమ్‌లో దాచుకోవడానికి అని చెప్పేసరికి వాళ్ళు నా వైపు జాలిగా చూస్తారు. ఒకాయనైతే, "అంటించనిదానికి బిళ్ళ ఎందుకక్కా?" అని నిజంగానే అడిగాడు. పదిహేనేళ్ళు బడిలో సోషల్ చెప్పినదాన్ని, ఆ ప్రశ్నకు మాత్రం తలుపేసుకున్నాను.

నేను పనిచేసిన ప్రైవేటు బడి మూతపడ్డాక కొన్నాళ్ళు ఇంట్లో ఊరికే కూర్చున్నాను. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. కూర్చుంటే కోపం వస్తుంది, కోపం వస్తే అలమారలు సర్దుతాను. అలా సర్దుతుంటే చిన్నప్పటి నుంచి పోగేసిన స్టాంపుల డబ్బాలు బయటపడ్డాయి. ఒక్కో బిళ్ళ పదుల కొద్దీ కాపీలు. వాటిని ఇంటర్నెట్‌లో అమ్ముకోవచ్చని తెలిసి ఒక సైటులో చిన్న షాపు తెరిచాను. షాపంటే ఏమీ లేదు, నా ఫోను, ఒక పట్టకారు, భోజనాల బల్లలో సగం. మిగతా సగం మీద భోజనాలు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంట్లో ప్రతిదీ అందరిదీ. టీవీ అందరిదీ, స్కూటీ అందరిదీ, నా ఫోను ఛార్జరు కూడా అందరిదే. ఆ షాపు ఒక్కటే నాది. అందులో నేనే యజమానిని, నేనే గుమాస్తాను, నేనే ఊడ్చేదాన్ని. మా ఆయనకు కొత్తవాడలో జంపఖానాల దుకాణం ఉంది. ఆయన నా స్టాంపులను "నీ కాయితపు ముక్కలు" అంటాడు. షాపు సరిగ్గా నడవకపోతే, "ఎందుకా తిప్పలు, మన దుకాణంల కూసుందువు రా" అంటాడు. మన దుకాణంలో కూర్చోవడమంటే పొద్దున్నే జంపఖానాలు ఒక్కొక్కటీ విప్పి దులపడం, సాయంత్రం మళ్ళీ చుట్టడం. ఆ మధ్యలో తుమ్ముకోవడం. ఏదైనా చేస్తాను గానీ అది మాత్రం చేయనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

అందుకే నా షాపును నియమంగా నడిపాను. స్టాంపును చేత్తో ముట్టను, పట్టకారుతోనే తీస్తాను. పల్చటి బటర్ పేపరు కవర్లో పెట్టి, చీరల దుకాణాల వాళ్ళు పారేసే గట్టి అట్టముక్కల మధ్య ఉంచి, మడత పడకుండా టేపు వేస్తాను. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి కవర్లోనూ ఒక ప్యాకింగ్ స్లిప్ పెడతాను. ఏ స్టాంపు, ఎన్ని, వాడినవా వాడనివా, అంతా అందులో ఉంటుంది. కింద "సరిచూసుకోగలరు" అని ఉంటుంది. గల్లీ చివర జిరాక్స్ భాయి అచ్చు వేసి ఇస్తాడు. మొదటిసారి వేసిచ్చినప్పుడు, "టీచరమ్మా, పిల్లల దగ్గర చిట్టీలు గుంజుకునేదానివి, ఇప్పుడు నువ్వే చిట్టీలు పెడతానవు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కాపీలు లెక్కపెట్టుకుని వచ్చేశాను.

అంతా బాగానే నడుస్తున్న రోజుల్లో మా పెద్దమ్మ వచ్చింది. మా అమ్మకు అక్క. ఉండేది డోర్నకల్‌లో. పెదనాన్న రైల్వేలో గార్డుగా చేసి పోయాడు. హన్మకొండ దవాఖానాలో మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, విశ్రాంతి కోసం మా ఇంటికి వచ్చింది. వచ్చిన రెండో రోజే ఆవిడ విశ్రాంతి అయిపోయింది. మూడో రోజు నా వంటిల్లు సర్దింది, నాలుగో రోజు మా ఆయనను సర్దింది. అక్కడితో ఇంట్లో సర్దాల్సినవి అయిపోయాయి. అప్పుడు భోజనాల బల్ల వైపు చూసింది.

"ఏందే బిడ్డా, పొద్దుగాల నుంచి ఏం జేస్తానవు?"

"పార్సిళ్ళు కడుతున్న పెద్దమ్మా."

"రైల్వే పార్సిల్ ఆఫీసు ముంగట ముప్ఫై ఏండ్లు ఉన్నదాన్ని. నాకియ్యి. నువ్వు రాసుకో, నేను పెడత."

మంచిదే కదా అనుకున్నాను. నేను స్లిప్ రాసి, కట్ట విడదీసి ఇస్తే ఆవిడ పట్టకారుతో కవర్లో పెట్టేది. చేయి వణకదు, స్టాంపు నలగదు. పైగా డాక్టరు రోజూ నడవమన్నాడని పార్సిళ్ళు పట్టుకుని పోస్టాఫీసుకు తనే నడిచి వెళ్ళేది. నేను సుఖానికి మరిగాను.

కొన్నాళ్ళకు కొన్నవాళ్ళు నా షాపు కింద రాసే మాటలు కొత్తగా ఉండటం మొదలైంది. "పది కొంటే పదకొండు వచ్చాయి, ధన్యవాదాలు" అని ఒకరు. "ఇరవై అడిగాను, ఒకటి ఎక్కువుంది, పొరపాటేమో" అని మరొకరు. నాకు మొదట వచ్చిన అనుమానం పెద్దమ్మ మీద కాదు, నా మీద. స్టాంపులను పది పది కట్టలుగా విడదీసేది నేనే కదా. వయసు వస్తోంది, కళ్ళు మసకబారుతున్నాయి అనుకున్నాను. కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆయన అక్షరాలు చదివించి, చుక్కలు వేసి, అద్దాల నంబరు మార్చాడు. కొత్త అద్దాలు పెట్టుకుని కట్టలు కట్టాను. అయినా పది పదకొండే అవుతున్నాయి. దాంతో అద్దాలు తప్పిచ్చారని కళ్ళజోళ్ళ కొట్టువాడితో ఒక పూట గొడవ పెట్టుకున్నాను. అతను ఓపికగా మళ్ళీ పరీక్ష చేసి, "మేడం, మీ కళ్ళు మంచిగనే ఉన్నయి, మనసు ఎటో ఉన్నది" అన్నాడు.

అప్పుడే రాజమండ్రి సారు మా జీవితంలోకి వచ్చాడు.

ఆయన ఏదో మిల్లులో స్టోర్సు ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. రైలింజన్ల బొమ్మలున్న స్టాంపులు పోగేస్తాడు. నా దగ్గర ఒకే రకం పది కొన్నాడు. పంపిన వారానికి ఆయన దగ్గర నుంచి ఒక కవరు వచ్చింది. రెండు అట్టముక్కలు, బటర్ పేపరు కవరు, అందులో ఒకే ఒక్క స్టాంపు. దానితోపాటు నా స్లిప్ కంటే శుభ్రంగా, గీతలు గీసి చేత్తో రాసిన ఒక స్లిప్: "మీ చీటీ ప్రకారం 10. వచ్చినవి 11. తిప్పి పంపుతున్నది 1. సరిచూసుకోగలరు."

నా "సరిచూసుకోగలరు"ను ఎవరైనా నాకే తిప్పి పంపడం అదే మొదలు. ఒళ్ళు మండింది. కానీ ఆ కట్టను రెండుసార్లు లెక్కపెట్టి పెద్దమ్మ చేతికిచ్చానని గుర్తొచ్చి, మండాల్సింది ఆయన మీద కాదని అప్పుడే తెలిసింది. బల్ల దగ్గరకు వెళ్ళి, పెద్దమ్మ ముందు రాజమండ్రి స్లిప్ పెట్టాను. "పెద్దమ్మా, పదకొండెట్లయినయి?"

ఆవిడ ఏ మాత్రం తడబడలేదు. "సున్నతోటి పంపుతరానే ఎవలన్న? కట్నం చదివిస్తే నూట పదహార్లు చదివిస్తం గని నూరు చదివిస్తమా? సున్న పెట్టినమంటె ఇగ అయిపోయింది, మళ్ళ మా మొఖం చూడకుండ్రి అన్నట్టు. ఒకటెక్కువ పెడితె ఇంకా ఉన్నది, మళ్ళ రాండ్రి అన్నట్టు."

"ఇది పెండ్లి కాదు పెద్దమ్మా, బేరం."

"బేరమైతె ఏంది, మన చేతిలకెల్లి పోతలేదా?"

అంటే ఇన్నాళ్ళూ సున్నాతో ముగిసే ప్రతి ఆర్డరుకూ ఆవిడ నా డబ్బాలోంచి ఒకటి తీసి కలుపుతోంది. పదికి పదకొండు, యాభైకి యాభై ఒకటి. ఏడో ఎనిమిదో అయితే ముట్టదు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ముందు కళ్ళజోళ్ళ కొట్టువాడు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ దుకాణం ఉన్న రోడ్డు మీదుగా వెళ్ళడం మానేసి కొన్నాళ్ళు చుట్టు తిరిగి పోయాను.

"ఇగ పెట్టకు" అన్నాను. సరేనంది. రాజమండ్రి స్టాంపును డబ్బాలో వేసి నేను వంటలో పడ్డాను. పెద్దమ్మ దృష్టిలో మాత్రం సంగతి అక్కడితో అయిపోలేదు. పెట్టినదాన్ని తిప్పి పంపడమంటే ఆవిడకు చీర పెడితే మొహాన కొట్టినట్టే. ఆ మధ్యాహ్నమే నడక పేరుతో వెళ్ళి ఆ ఒక్క స్టాంపునూ మళ్ళీ ఆయనకే పంపింది. స్లిప్ లేకుండా. తిరిగి వచ్చింది. ఈసారి ఆయన స్లిప్: "చీటీ లేదు. స్టాంపు 1. ఎందుకు?" ఆవిడ మళ్ళీ పంపింది, కవరుకు నాలుగు మూలలా పసుపు పెట్టి. ఇదంతా నాకు తెలియదు. స్టాంపు విలువ కంటే దాన్ని అటూ ఇటూ తిప్పిన తపాలా ఖర్చే ఎక్కువని తర్వాత తెలిసింది. ఒక కాగితపు ముక్క, రిటైరైన మనిషి కంటే ఎక్కువ యాత్రలు చేసింది.

నాకు తెలిసిన రోజు పొద్దున ఫోను తీసి చూస్తే నా షాపు లేదు. దాని స్థానంలో ఒక బూడిద రంగు గీతల పెట్టె, అందులో "ఈ షాపు తాత్కాలికంగా నిలిపివేయబడింది" అని. కారణం: చీటీకి, సరుకుకు పొంతన లేదని కొన్నవారి ఫిర్యాదు. కొన్నవారంటే రాజమండ్రి సారే, తిప్పి పంపిన స్టాంపు మళ్ళీ మళ్ళీ వస్తోందని రాశాడు. ఆ సైటు వాళ్ళ సహాయ కేంద్రానికి రాశాను. అవతల ఉన్నది మనిషో యంత్రమో నాకు ఇప్పటికీ తెలియదు. "మీరు సరుకు తక్కువ పంపారా?" అని అడిగింది. ఎక్కువ పంపాను అన్నాను. "అర్థమైంది, తక్కువ పంపినందుకు చింతిస్తున్నారా?" అంది. లేదు, ఎక్కువ అన్నాను. "ఎక్కువ చింతిస్తున్నారు, నమోదు చేశాం" అంది. చివరికి తేల్చింది ఇదీ: పంపినవన్నీ వెనక్కి తెప్పించుకుని, అదే ఆర్డరును సరైన చీటీతో మళ్ళీ పంపాలి. చీటీలో ఉన్నవీ అందినవీ సరిపోయాయని ఆయన ఒప్పుకుంటే షాపు తెరుస్తారు. లేదంటే శాశ్వతంగా మూసేస్తారు.

మా ఆయనకు చెప్తే అన్నం కలుపుకుంటూ, "ఫికర్ చెయ్యకు, మన దుకాణంల స్టూలు ఖాళీగనే ఉన్నది" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. అదే నాకు మరీ మంటగా ఉంది. ఆ పూట ఏడ్చాను కూడా. జంపఖానాల కోసం కాదు, నాదంటూ ఉన్న ఒక్కటీ పోతోందని.

మర్నాడు రాజమండ్రి సారు కవరు మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టి, పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను, ఆవిడ చేసింది ఆవిడ వినాలని.

"సార్, వరంగల్ నుంచి. స్టాంపుల షాపు."

"ఆ, చెప్పండమ్మా. మీ మీద కోపమేం లేదండి నాకు. కానీ చూడండి, చీటీలో లేని వస్తువు నేనెలా ఉంచుకుంటానండి? ముప్ఫై ఏళ్ళు స్టోర్సు చూశాను. ఆడిట్‌లో తక్కువైతే పోగొట్టాడంటారు, ఎక్కువైతే దాచాడంటారు. లెక్కలో లేనిది గోడౌన్‌లో ఉందంటే అది దొంగ సరుకేనండి. రాత్రిళ్ళు నిద్ర పట్టదు నాకు."

నాకు ఆయన మాట న్యాయంగానే తోచింది. "అయితే చీటీలో రాసి పంపితే ఉంచుకుంటరా సార్?"

"నిక్షేపంగా ఉంచుకుంటానండి. నా అభ్యంతరం స్టాంపు మీద కాదు, చీటీ మీద."

హమ్మయ్య అనుకునేలోపు పెద్దమ్మ ఫోను లాక్కుంది. "సారూ, నేను ఈ పిల్ల పెద్దమ్మను. ఒక్క మాట అడుగుత. మీ ఇంట్ల ఆడపిల్లకు సారె పెడితె లిస్టు రాసి పెడతరా? పెట్టిందాన్ని చెప్పుకుంటె అది పెట్టుడెట్లయితది? ఎత్తిపొడుచుడైతది."

"అమ్మగారూ, మీరు చెప్పేది ఇంటి సంగతండి. నేను చెప్పేది స్టోర్సు సంగతి."

"మనిషి ఒక్కడే గద సారూ. ఇంట్ల వేరు, స్టోర్ల వేరు ఉంటడా?"

ఆయన "మా ఆవిడా ఇలాగే అనేదండి" అని ఫోను పెట్టేశాడు. పెద్దమ్మ నావైపు గెలిచినట్టు చూసింది. నేను తల పట్టుకున్నాను. రాయనిది ఆయన తీసుకోడు, రాసింది ఈవిడ పెట్టదు. ఈవిడ పెట్టకపోతే నాకేం నష్టం అంటారేమో. నష్టం లేదు. పదంటే పదే లెక్కపెట్టి నేనే పంపేయొచ్చు. అలాగే పంపుతానని అన్నాను కూడా. ఆవిడ లేచి వెళ్ళి తన సంచిలో చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. డోర్నకల్ బండి ఎన్ని గంటలకు అని మా ఆయనను అడిగింది. మోకాలు ఇంకా పూర్తిగా వంగదు. అయినా వంగి మడతపెడుతోంది. ఆవిడ లేని బల్లను ఊహించుకుంటే నాకు మనసొప్పలేదు. "ఉండు, ఏదన్న చేద్దాం" అని సంచి లాక్కున్నాను.

ఇక మిగిలింది ఒకటే. ఆ పదకొండోదాన్ని స్లిప్‌లో ఏమని రాయాలి? రాసినట్టూ ఉండాలి, చెప్పుకున్నట్టూ ఉండకూడదు. జిరాక్స్ భాయి దగ్గరకు ఇద్దరం వెళ్ళాం. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో మాట కొట్టి చూపించాడు.

"ఫ్రీ అని పెడదామా టీచరమ్మా?"

"బకీటు కొంటె మగ్గు ఫ్రీయా?" అంది పెద్దమ్మ.

"గిఫ్ట్?"

"బర్త్‌డేనా?"

"అదనం?"

"అదనం అంటే ఆ సారు లెక్కల తప్పనుకుంటడు" అన్నాను నేను.

"తోఫా?" అన్నాడు భాయి, ఆశగా. కానుకకు ఉర్దూ మాట. అది నాకు నచ్చింది గానీ రాజమండ్రిలో ఎవరికి అర్థమవుతుందని వదిలేశాం. భాయి చివరికి విసిగిపోయి, "మరి బిర్యానీ హోటల్ల సలాన్ ఇచ్చినట్టు, ఏం రాయకుండా ఇయ్యుండ్రి" అన్నాడు. అదే గదా మా గొడవంతా అని చెప్పి వచ్చేశాం.

తిరిగి వస్తుంటే మట్టెవాడ మూల మీద కూరగాయల బండి దగ్గర పెద్దమ్మ ఆగింది. పచ్చిమిరపకాయలు తూయించింది. తూకం అయిపోయాక కూడా సంచి ముడి వేయకుండా అలాగే పట్టుకుని నిలబడింది. "కొసరెయ్యవా? ఉత్తగ తూకమేనా?" బండామె గొణుగుతూ నాలుగు కాయలు పడేసింది. పెద్దమ్మ ఇంకా కదల్లేదు. ఇంకో రెండు పడ్డాయి.

నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. "పెద్దమ్మా, కొసరు."

"ఏసిందిగదనే."

"గది కాదు. స్లిప్పుల కొసరని రాద్దాం."

ఆవిడ ఆలోచించింది. కొసరంటే కట్నం కాదు, సారె కాదు, ఫ్రీ కాదు. తూకంలో లేదు, అయినా బేరంలో ఉంది. చెప్పుకునేది కాదు, అడిగి మరీ తీసుకునేది. పైగా రోజూ నిలబడి వేయించుకునే మనిషి, తను వేయనని ఎలా అంటుంది? "అసలు కంటె కొసరు ముద్దన్నరు" అంది చివరికి. మిరపకాయల సంచి అప్పుడు ముడి వేసింది.

రాజమండ్రికి ఫోన్ చేసి చెప్తే సారు కాసేపు ఆ మాటను నోట్లోనే తిప్పుకున్నాడు. "కొసరు. కొసరు. బావుందండి. కానీ విడిగా ఒక గడి గీయాలండి దానికి." గీయించాను. కొత్త స్లిప్‌లో "అసలు: 10" కింద "కొసరు: 1" అని, దాని కింద "మొత్తం: 11" అని. ఊరూరికీ వేరే స్లిప్ వేయించలేక అదే స్లిప్‌ను ఇప్పటికీ అన్ని ఊళ్ళకూ పంపుతున్నాను. ఒకసారి నాగపూర్ నుంచి ఒకాయన, కొసరు అనేది ఏ అచ్చు రకమో, ఏ ఏడాదిలో వచ్చిందో, ఇంకా ఉన్నాయా అని అడిగాడు. చాలా అరుదైనదని జవాబు రాశాను. అదంతా తర్వాతి సంగతి.

ఆ రోజు మాత్రం బల్ల మీద గుడ్డ పరిచి, పెద్దమ్మ ఎదురుగా, పైకి లెక్కపెడుతూ పదకొండు స్టాంపులు కవర్లో పెట్టాను. స్లిప్ పెట్టాను. అట్టముక్కలు పెట్టాను. టేపు కోసం లోపలి గదిలోకి వెళ్ళి వచ్చాను. టేపు వేశాను. పెద్దమ్మ పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి, రసీదు తెచ్చి, బల్ల మీద పెట్టి, చాయ్ అడిగింది. సగం చాయ్ తాగాక మెల్లగా చెప్పింది.

"ఒకటి చెప్త, లొల్లి జెయ్యకు. నువ్వు టేపుకు పోయినప్పుడు ఇంకొకటి పెట్టిన."

బల్ల మీది రసీదును చేతిలోకి తీసుకున్నాను.

"మరేంది? కొసరని రాసినంక అది షాపోళ్ళదైపాయె. లెక్కలకొచ్చింది. మరి నాదేదే? నేను పెట్టింది ఏదన్న ఉండాలె గద. పన్నెండంటె సున్నకూడ లేదు."

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పోస్టాఫీసుకు పరిగెత్తాను. తపాలా సంచి అప్పటికే వెళ్ళిపోయింది. కౌంటర్ దగ్గరున్న ఆమె, "పోయిందమ్మా, మంచిగనే పోతది, ఫికర్ చెయ్యకు" అంది. మంచిగా పోతుందనే నా భయం.

ఆ నాలుగైదు రోజులు నేనెలా గడిపానో మా ఇంటి అలమారలకు తెలుసు. సారుకు ఫోన్ చేసి చెప్పేద్దామని చాలాసార్లు ఫోను తీశాను. చెప్తే, తెలిసి అబద్ధం రాయమని అడిగినట్టవుతుంది. చెప్పకపోతే ఆయనే లెక్కపెట్టుకుంటాడు. చీటీలో లేనిది కనపడితే నిద్ర పట్టదని స్వయంగా చెప్పిన మనిషి. ఎటు చూసినా పన్నెండే. మా ఆయన దుకాణంలో స్టూలు తుడిచి పెట్టించాడని పెద్దమ్మే వచ్చి చెప్పింది, తనకేమీ సంబంధం లేనట్టు. ఆవిడతో ఒక పూట మాట్లాడలేదు. రెండో పూట మాట్లాడాల్సి వచ్చింది, పప్పులో ఉప్పెక్కువేసింది.

శనివారం సైటు నుంచి మెయిలు వచ్చింది. తెరవడానికి భయమేసి పెద్దమ్మకిచ్చాను. ఆవిడకు ఇంగ్లీషు రాదని అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ తీసుకున్నాను. "కొన్నవారు నిర్ధారించారు: చీటీ, సరుకు సరిపోయాయి. మీ షాపు తెరవబడింది." నాలుగుసార్లు చదివాను. బూడిద రంగు పెట్టె పోయింది. నా షాపు, నా రైలింజన్లు, నా బొమ్మలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

వెంటనే సారుకు ఫోన్ చేశాను. "సార్, సరిపోయిందని రాసిన్రట."

"ఆ, రాశానమ్మా."

"లెక్కపెట్టిన్రా సార్?"

"అదేం మాటమ్మా. మూడుసార్లు పెట్టాను."

"ఎన్నున్నయి?"

"చీటీలో ఎన్ని రాశారమ్మా?"

"పదకొండు."

"అయితే పదకొండేనండి" అన్నాడాయన. "ముప్ఫై ఏళ్ళు స్టోర్సు చూసినవాణ్ణి. నాకు లెక్క రాదంటారా ఏంటి?"

థాంక్స్ చెప్పబోతే అప్పటికే పెట్టేశాడు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే పెద్దమ్మ మంచం మీంచి అడిగింది. "ఏమంటాండు?"

"పదకొండే ఉన్నయట."

ఆవిడ మొహం మాడిపోయింది. "పదకొండేంది? నా చేతులార పన్నెండు పెట్టిన్నే. నడుమల ఎవడో ఒకటి కొట్టేసిండు. ఆని కడుపు మండ, దొంగ సచ్చినోడు."

"తిట్టకు పెద్దమ్మా. కొట్టేసింది ఆయనే."

ఆవిడ మోకాలు చేత్తో పట్టుకుని మెల్లగా లేచి కూర్చుంది. ఆ తర్వాత ముఖమంతా నవ్వొచ్చింది.

"చెప్పకుంట దాసుకున్నడా? అయితె ఇగ మనోడే."